నాలుగో మంచం

మా అమ్మాయి నర్సింగ్ రెండో సంవత్సరం ప్రాక్టికల్ పరీక్ష తప్పింది. కారణం ఒక బొమ్మ.

యూనివర్సిటీలో వాళ్లకు ప్రాక్టీసు గది అని ఒకటుంది. అందులో ఆరు మంచాలు, వాటి మీద ఆరుగురు రబ్బరు రోగులు. మీట వేస్తే నాడి కొట్టుకుంటుంది, ఛాతీ లేచి పడుతుంది, ఇంకో మీట వేస్తే మూలుగుతారు కూడా. మా ఇంట్లోవాళ్లకంటే బుద్ధిమంతులు, మీట వెయ్యందే మూలగరు. పరీక్ష రోజున ప్రొఫెసరమ్మ మా అమ్మాయికి ఒక బొమ్మను అప్పగించి, ఒంటి వేడి, నాడి, శ్వాస, రక్తపోటు చూసి రాయమంది. ఇది చకచకా రాసేసింది. శ్వాస దగ్గర "నిమిషానికి పద్దెనిమిది" అని వేసింది.

ప్రొఫెసరమ్మ కాగితం చూసి, బొమ్మ ఛాతీ మీద చెయ్యి ఆనించి అడిగిందట. "దీని ఊపిరి మీట నేను పొద్దుటినుంచీ వెయ్యనేలేదమ్మా. ఈ పద్దెనిమిదీ నువ్వెక్కడ లెక్కపెట్టావు?"

అమ్మాయి ఇంటికొచ్చి మంచం మీద బోర్లా పడి ఏడ్చింది. "అందరూ అదే రాస్తారమ్మా! సీనియర్లు అదే, వార్డుల్లో సిస్టర్లూ అదే. నిమిషంసేపు నిలబడి ఊపిరి లెక్కపెట్టే తీరిక ఎవరికుంటుంది? పద్దెనిమిదో ఇరవయ్యో వేసేసి ముందుకెళ్తారు."

"మరి అది చచ్చిపోయి ఉంటే?" అన్నాను.

"బొమ్మ చచ్చిపోవడమేమిటమ్మా?"

"అదే, ఊపిరి లేదంటున్నావుగా."

ఏడుపు రెండింతలైంది. నా హాస్యం మా ఇంట్లో ఎప్పుడూ వేళకు రాదు.

ప్రొఫెసరమ్మ మరీ కఠినురాలేమీ కాదు. సెలవుల చివర ఇంకో అవకాశం ఇస్తానంది. ఈలోగా బతికున్న మనుషుల శ్వాస వందసార్లు లెక్కపెట్టి, నోటుపుస్తకంలో రాసి తీసుకురావాలి. ప్రతిసారీ నిండా నిమిషం. పేర్లు రాయకూడదు, రోగి గుట్టు బయట పెట్టకూడదు కాబట్టి మంచం నంబర్లే వెయ్యాలి. అన్నిటికంటే ముఖ్యం, లెక్కపెడుతున్నట్టు ఎదుటిమనిషికి తెలియకూడదు. తెలిస్తే ఊపిరి తీరే మారిపోతుందట. ఈసారీ తప్పితే మూడో సంవత్సరంలోకి పంపరు.

"పంపకపోవడం దాకా ఎందుకు, నేనే మానేస్తాను," అంది.

పక్క గదిలోంచి మా అత్తగారు అందుకున్నారు. ఆ మాట కోసం ఆవిడ రెండేళ్లుగా కాచుకుని ఉన్నారు. "మానెయ్యవే తల్లీ! ఒకళ్ల మంచం దులపడానికి యూనివర్సిటీ చదువెందుకే? మీ అమ్మ ఇరవై మూడేళ్లుగా దులపడం లేదూ, ఏ పట్టా ఉందని?"

"నాకు పట్టా ఉంది అత్తయ్యా. వృక్షశాస్త్రం."

"అవున్లే పాపం. కొత్తిమీర ఏదో, పుదీనా ఏదో ఇట్టే చెప్పేస్తావు."

మేమిద్దరం అంతే. పెళ్లయిననాటినుంచీ ఒకరి మాట ఒకరం కింద పడనివ్వలేదు.

సాయంత్రం ఆయన డ్యూటీ దిగి వచ్చారు. సిటీ బస్సు డ్రైవరు. కష్టం ఎవరిదైనా, ఎలాంటిదైనా, దాన్ని బస్సు ఎక్కించి చూస్తేగాని ఆయనకు అర్థం కాదు. అంతా విని, కూతురు పక్కన కూచున్నారు. "స్టాపు దాటిపోయిందనుకో గవ్వా, బస్సు వెనక్కి తిప్పం. అలాగని బస్సులోనే కాపురం పెట్టం. తర్వాతి స్టాపులో దిగి వెనక్కి నడుస్తాం. అంతేగా?"

గవ్వ అన్నది ముద్దుపేరు. చిన్నప్పుడు ఎవరేమన్నా నోరు మెదపకుండా ముడుచుకుపోయేది. ఆ పూట మాత్రం ముడుచుకోలేదు. లేచి మొహం కడుక్కుని, కొత్త నోటుపుస్తకానికి అట్ట వేసుకుంది.

ఆ వేసవంతా మా ఇంట్లో ఎవరి చెయ్యి వాళ్ల దగ్గర లేదు.

ఇందులో ఒక కిటుకుంది. నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకోవాలి. నాడి లెక్క అయిపోయాక కూడా చెయ్యి వదలకుండా, చూపు మాత్రం మెల్లగా ఛాతీ మీదికి జరపాలి. రోగి ఇంకా నాడే చూస్తున్నారనుకుంటాడు. అమాయకంగా ఊపిరి తీసుకుంటూ ఉంటాడు. దొంగతనం చాలానే చూశాను గాని, ఇంత మర్యాదైన దొంగతనం నాకు తెలియదు.

మొదట దొరికింది వాళ్ల నాన్న. పేపరు చదువుతుంటే పక్కన కూచుని చెయ్యి పట్టుకుంది.

"ఏమే, ఏమిటి?"

"ప్రేమ నాన్నా."

"ఎంతసేపు?"

"నిమిషం."

"నిమిషం ప్రేమకి ఏం కొనిపెట్టాలి?"

తర్వాత మెట్లకవతలి వాటాలో ఉండే దర్జీ పిన్ని. మిషను దగ్గర ఆవిడ కాస్త ఆగినప్పుడల్లా ఇది వెళ్లి కూచునేది. వారం తర్వాత పిన్ని నన్ను మెట్ల మీద ఆపి, గొంతు తగ్గించింది. "అక్కా, మీ అమ్మాయికి మనసేమైనా బాలేదా? చెయ్యి పట్టుకుని నాకేసే చూస్తూ కూచుంటోంది. కొత్త జాకెట్టు మోడలు చూస్తోందేమోనని నిటారుగా కూచుని కూచుని నా నడుము పట్టేసింది."

మా అత్తగారు మూడో రోజే కిటుకు పసిగట్టేశారు. మనవరాలి చూపు ఛాతీ మీదికి జరగగానే ఊపిరి బిగబట్టేవారు.

"నాయనమ్మా, ఊపిరి తీసుకో."

"తీసుకోను. నీకు వంద అవ్వనిస్తానటే?"

"మొహం ఎర్రబడుతోంది నాయనమ్మా."

"పడనీ. నిమిషానికి సున్నా అని రాసుకో. నీకలవాటేగా, ఊపిరి లేనివాళ్లకి పద్దెనిమిది వెయ్యడం."

ఇద్దరూ విరగబడి నవ్వేవారు. ఆ నవ్వు అయ్యాక, పేపరు చదివి వినిపిస్తుంటే ఆవిడ కునుకులోకి జారేవారు. అప్పుడు లెక్క కుదిరేది. కొన్నాళ్లకు నేనొకటి గమనించాను. మధ్యాహ్నం రెండయ్యేసరికి, ఎవరూ అడక్కుండానే, ఆవిడ చెయ్యి దిండు పక్కకు వచ్చి వెల్లకిలా పడి ఉండేది. మంచాలు దులిపే చదువు మీద ఆవిడ అభిప్రాయం మారలేదు. చెయ్యి మాత్రం వేళ తప్పలేదు.

పట్టుకోనిదల్లా నా చెయ్యే.

నేను నోరు తెరిచి అడగలేదు. టీ అందిస్తూ చెయ్యి ఇంకో క్షణం ఎక్కువ ఉంచేదాన్ని. అది గ్లాసు తీసుకునేది. బల్ల తుడుస్తూ ముంజేయి దాని ముందు చాపేదాన్ని. అది పుస్తకం పక్కకు జరిపేది. ఇల్లంతా కలియదిరిగే మనిషికి నాడి ఎందుకుంటుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. చెప్పుకున్నాను గాని, ఆ వారం కూరలో రెండుసార్లు ఉప్పెక్కువైంది.

నోటుపుస్తకం తెరిచి ఉంటే చదవకుండా ఉండడం నా స్వభావం కాదు. మూసి ఉన్నా అంతే అనుకోండి. ఒకటో మంచం మా అత్తగారని ఎవరికైనా తెలిసిపోతుంది, "బిగబట్టింది" అని నాలుగుచోట్ల ఉంది. రెండో మంచం ఆయన. మూడో మంచం "మిషను ఆపాక" అని ఉంది కాబట్టి దర్జీ పిన్ని. నాలుగో మంచమే ఎవరో అంతుచిక్కలేదు.

"4వ మంచం. పొద్దున్న ఏడు. నిలబడి పని. 20."

"4వ మంచం. మాట్లాడుతోంది. లెక్క కుదరలేదు."

"4వ మంచం. ఇంకా మాట్లాడుతోంది."

"4వ మంచం. సాయంత్రం, కిటికీ దగ్గర ఒక్కతే. 14. నిట్టూర్పులు రెండు."

"ఈ నాలుగో మంచం ఎవరే?" అని అడిగాను.

"పేర్లు చెప్పకూడదమ్మా."

"కింది వాటాలో లైబ్రరీ ఆవిడేనా?"

"అమ్మా!"

"సరే సరే. ఎవరైతేనేం, నోరు మాత్రం మూయదు పాపం. ఇంట్లోవాళ్లు ఎలా భరిస్తున్నారో!"

"అలవాటైపోయిందట," అంది గవ్వ, తల ఎత్తకుండా.

మళ్లీ పరీక్షకు ఇంక తొమ్మిది రోజులున్నాయి. పుస్తకంలో తొంభై రెండు అయ్యాయి. ఆ రోజు గవ్వ పొద్దున్నే ప్రాక్టీసు గదికి బయల్దేరుతూ గుమ్మంలో ఆగింది.

"అమ్మా, నాయనమ్మ నిన్న చెయ్యి చాపలేదు."

"నిద్రపట్టి ఉంటుంది."

"పొద్దున్న టీ కూడా సగం వదిలేసింది. రెండింటికి ఒక్కసారి ఊపిరి లెక్కపెట్టి పుస్తకంలో రాసిపెడతావా? నా వందలోకి కాదులే. ఊరికే, నాకు తెలియాలి. నిండా నిమిషం."

"సరేలేవే. మీ ప్రొఫెసరమ్మ కంటే ఎక్కువ చేస్తున్నావు."

రెండింటికి వెళ్లాను. వెళ్లలేదని ఎవరూ అనలేరు. గుమ్మం దాకా వెళ్లి తొంగిచూశాను. మా అత్తగారు గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. నేను వచ్చిన అలికిడికి ఒక్క మాటా అనలేదు. పెళ్లయి ఇరవై మూడేళ్లలో మధ్యాహ్నం పూట ఆవిడ నోరు ఊరుకున్న రోజు అదొక్కటే. ఆ నిశ్శబ్దాన్ని నేను అనుమానించలేదు. హాయిగా అనుభవించాను. వెనక్కి వచ్చి, పుస్తకం తెరిచి "1వ మంచం. మధ్యాహ్నం రెండు. 18" అని రాసి, ఒక వారపత్రిక పట్టుకుని నడుం వాల్చాను.

గవ్వ నాలుగింటికి వచ్చింది. చెప్పులైనా విడవకుండా పుస్తకం చూసింది.

"పద్దెనిమిదా?"

"ఆఁ, పద్దెనిమిదే."

నాకేసి ఒక్కసారి చూసింది. లోపలికెళ్లి మంచం పక్కన మోకాళ్ల మీద కూచుని, వాళ్ల నాయనమ్మ మణికట్టు పట్టుకుంది. గుమ్మంలో నేను నిలబడ్డాను. గోడ గడియారంలో ముల్లు ఒక చుట్టు తిరిగి రావడానికి అంతసేపు పడుతుందని నాకు ఆ రోజే తెలిసింది. దగ్గరికి వెళ్లి చూస్తే నాకూ కనిపించింది. దుప్పటి కింద ఆ ఛాతీ కుక్కపిల్ల ఛాతీలా గబగబా లేచి పడుతోంది. గుమ్మం నుంచి కనిపించదు. నాలుగడుగులు వెయ్యాలి.

"ముప్పై నాలుగు," అంది గవ్వ. "అమ్మా, పిన్నిని పిలు. నాయనమ్మని కూచోబెట్టి కిందికి దించాలి. టాక్సీకి నేను ఫోన్ చేస్తున్నా."

దర్జీ పిన్ని మెడలో కొలతల టేపుతోనే పరుగెత్తుకొచ్చింది. ముగ్గురం కుర్చీలో కూచోబెట్టి దించాం. రెండు మెట్లకొకసారి గవ్వ ఆగి, "నెమ్మదిగా నాయనమ్మా, నేనున్నా," అంటూనే ఉంది. నా కూతురికి ఆ గొంతు ఉందని నాకు తెలియదు. ఎప్పుడు నేర్చుకుందో, ఏ గదిలో నేర్చుకుందో.

ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరిందన్నారు. ముసలివాళ్లలో జ్వరం, దగ్గు పెద్దగా లేకుండానే ముదిరిపోతుందట. ఆక్సిజన్ పెట్టారు, సూదిమందులు మొదలుపెట్టారు. డాక్టరు కుర్రాడు బయటికొచ్చి, "ముప్పై నాలుగు అని ఎవరు చూశారు?" అని అడిగాడు. గవ్వ చెయ్యెత్తింది, క్లాసులో ఎత్తినట్టు. "మంచి పని చేశారు సిస్టర్," అని వెళ్లిపోయాడు. ఇంకా సిస్టర్ కాలేదని చెప్పే వ్యవధి ఇవ్వలేదు.

వరండాలో బెంచీ మీద ఇద్దరం కూచున్నాం.

"నేను లెక్కపెట్టలేదే," అన్నాను.

"తెలుసమ్మా."

"ఎలా తెలుసు?"

"నేనూ అదే అంకె వేశాగా."

అంతే. సంచీలోంచి నోటుపుస్తకం తీసింది. తప్పు రాస్తే చెరపకూడదట, కాగితం చింపకూడదట. ఒక్క గీత కొట్టాలి, కింద ఏముందో కనిపిస్తూనే ఉండాలి, రాసినవాళ్లు పక్కన సంతకం పెట్టాలి. గీత కొట్టి కలం నా చేతికిచ్చింది. నేను సంతకం పెట్టాను. డిగ్రీ పూర్తయ్యాక అంత ఒళ్లు దగ్గర పెట్టుకుని నేను ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు.

మూడో రోజుకి మా అత్తగారు తేరుకున్నారు. తేరుకున్నారని మాకెలా తెలిసిందంటే, వార్డు సిస్టరుతో గొడవకు దిగారు. "నువ్వు గడియారం చూడలేదమ్మాయ్, నేను చూస్తూనే ఉన్నా. నిండా నిమిషం పట్టాలి. మా గవ్వని అడుగు!"

ఆ మధ్యాహ్నం గదిలో మేమిద్దరమే ఉన్నప్పుడు చెప్పేశాను.

"అత్తయ్యా, ఆ రోజు గవ్వ నన్ను చూడమంది. నేను చూడలేదు. మీరు నోరు మూసుకుని పడుకున్నారని సంతోషించి వచ్చేశాను."

ఆవిడ ముక్కుకున్న గొట్టం సర్దుకున్నారు.

"నేనైనా అంతే చేసేదాన్ని," అన్నారు. తర్వాత, "ఆ దిండు కాస్త ఎత్తు చెయ్యి. దులిపి పెట్టు," అన్నారు.

దులిపి పెట్టాను. అంత ఇష్టంగా నేను దిండు దులిపిన రోజు ఇంకోటి లేదు.

వంద లెక్కలు ఆసుపత్రిలోనే పూర్తయ్యాయి. పరీక్ష రోజున గవ్వతో నేనూ వెళ్లాను. రావద్దంది. దారిలో కొత్తిమీర కొనాలని చెప్పి వెళ్లాను.

ప్రాక్టీసు గది తలుపుకి చిన్న అద్దం ఉంది. వరండాలో కూచోమన్నారు గాని, కూచుంటే అద్దం అందదు. లోపల ప్రొఫెసరమ్మ, పొట్టిగా, తెల్లకోటు జేబుల్లో చేతులు పెట్టుకుని, నోటుపుస్తకం అప్పటికే చూసేసినట్టుంది, చంకలో పెట్టుకుని ఉంది. గవ్వ బొమ్మ మణికట్టు పట్టుకుంది. ఈసారి బొమ్మ ఛాతీ ఆడుతోంది. బయట నుంచి నేనూ లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఒకటి, రెండు, మూడు... తొమ్మిది దగ్గర ఛాతీ పడింది. లేవలేదు.

ప్రొఫెసరమ్మ మొహంలో ఏమీ లేదు. గవ్వ తల చటుక్కున లేచింది. బొమ్మ ముక్కు దగ్గర చెంప పెట్టి చూసింది. మరుక్షణం మంచం పక్క గంట నొక్కి, రెండు చేతులూ ఛాతీ మీద వేసి అరిచింది. "సాయం! ఎవరైనా రండి, సాయం!"

నేను తలుపు తోసుకుని లోపలికి వెళ్లిపోయాను.

ప్రొఫెసరమ్మ కళ్లద్దాలు పైకి తోసుకుని నన్ను చూసింది. "మీరెవరు?"

"సాయం," అన్నాను.

గవ్వ బొమ్మ ఛాతీ నొక్కుతూనే, "మా అమ్మ, మేడమ్," అంది. నొక్కడం ఆపలేదు. ఆపమని ప్రొఫెసరమ్మ చెప్పేదాకా ఆపలేదు.

"అరనిమిషం దగ్గర జేబులోని మీట ఆపేశాను," అంది ఆవిడ నాతో. "సగం లెక్కపెట్టి రెట్టింపు వేసుకునేవాళ్లు ఇక్కడ దొరికిపోతారు." చంకలోంచి పుస్తకం తీసి, గుర్తు పెట్టుకున్న పేజీ తెరిచింది. "ఈ సంతకం మీదేనా?"

"నాదేనండీ."

"ఎన్నో ఏళ్లుగా పుస్తకాలు దిద్దుతున్నాను. కొట్టేసిన అంకెలు బోలెడు చూశాను. పక్కన సంతకం ఉన్నది ఇదే మొదటిసారి."

ఆవిడకు ఎన్నో చెప్పాలని వెళ్లాను. మా అత్తగారు ఇంట్లో కూచుని దర్జీ పిన్ని ఊపిరి లెక్కపెడుతున్నారని, అది ఎవరి చలవో నాకు తెలుసనీ. తీరా నోరు తెరిస్తే వచ్చింది వేరు. "మా అమ్మాయిని పరీక్ష తప్పించారు. మీ మేలు ఈ జన్మలో మరిచిపోను."

ప్రొఫెసరమ్మ మొదటిసారి నవ్వింది. "ఈసారి తప్పించడం లేదు. ఏమీ అనుకోరుగా?"

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో గవ్వ కిటికీ పక్క సీటు నాకిచ్చి, నోటుపుస్తకం నా ఒళ్లో పెట్టింది. పరీక్ష అయిపోయిందిగా, ఇక చదువుకో అన్నట్టు. నేను చివరి పేజీ తీశాను. లెక్కలన్నీ కూడి ఉన్నాయి. ఒకటో మంచం ఇరవై ఏడు, రెండో మంచం పదిహేను, మూడో మంచం పదిహేడు. నాలుగో మంచం నలభై ఒకటి.

"ఆ వాగుడుకాయ నలభై ఒక్కసార్లు దొరికిందా నీకు?" అంటూ ఒక పేజీ వెనక్కి తిప్పాను.

"4వ మంచం. ఆసుపత్రి వరండా. 28. తన తప్పు తనే చెప్పింది. సంతకం పెట్టాక 20."

ఇంకొంచెం వెనక్కి వెళ్తే, "4వ మంచం. వంటగది. ఉప్పు వేసింది. మళ్లీ వేసింది. 22. ఏదో మనసులో పెట్టుకుంది."

దాని పైన ఇంకోటి. దాని పైన ఇంకోటి. నేను కూర తరుగుతుంటే, బట్టలు ఆరేస్తుంటే, ఆయన బస్సు ఆలస్యమైన సాయంత్రాలు కిటికీ దగ్గర నిలబడితే. ఎండాకాలమంతా ఒకళ్లు నా వెనక నిలబడి ఉన్నారు, గడియారం పట్టుకుని.

కాసేపు అక్షరాలు కనబడలేదు. బస్సు కుదుపు అనుకున్నాను.

"మరి నా చెయ్యి ఒక్కసారైనా పట్టుకోలేదేమే?"

"పట్టుకుంటే నీకు తెలిసిపోదూ? పైగా చెయ్యి పట్టుకున్నామంటే నువ్వు కబుర్లు మొదలెడతావు. మాట్లాడేవాళ్ల ఊపిరి లెక్కకు రాదమ్మా."

"ఇప్పుడు మాట్లాడను. చూడు."

నవ్వి, నా మణికట్టు తీసుకుంది. వేళ్లు చల్లగా ఉన్నాయి, పట్టు మాత్రం తేలిగ్గా, గట్టిగా. లెక్కపెడుతోందని నాకు తెలుసు, మామూలుగా ఊపిరి తీసుకోవాలని తెలుసు, మామూలుగా ఎలా తీసుకుంటారో మాత్రం గుర్తు రాలేదు. బస్సు ఆగింది, కదిలింది. ఎవరో దిగారు. నేను ఒక్క మాటా మాట్లాడలేదు.

"పద్దెనిమిదేనా?" అన్నాను, చెయ్యి వదిలాక.

"పంతొమ్మిది," అంది.

అప్పటికి మా స్టాపు దాటిపోయింది. తర్వాతి స్టాపులో దిగి, ఇద్దరం వెనక్కి నడిచాం.